ఆర్విడ్ వేసిన పన్నెండేళ్ల కప్పు

ఆర్విడ్ టోలెఫ్సన్ ఇళ్లకు కప్పులు వేసే మనిషి. మా ఊళ్లో యాభై ఎనిమిదేళ్లుగా అదే పని. పెళ్లి చేసుకోలేదు. ధాన్యం గోదాము వెనక వీధిలో అక్క బోర్గిల్డ్‌తో కలిసి ఉంటాడు. ఫోన్ వస్తే ఎత్తేది ఆవిడే. "కప్పు మీద ఉన్నాడు, దిగాక చెప్తా," అని పెట్టేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం చేసినా అదే జవాబు.

మనిషి పొడుగు, సన్నం. చదును నేల మీద కూడా వాలు మీద నడిచినట్టు కొంచెం ముందుకు వంగి, అడుగు చూసుకుంటూ నడుస్తాడు. ఈ రోజుల్లో అందరూ మేకులు కొట్టడానికి యంత్రం వాడుతున్నారు. ఆర్విడ్ మాత్రం సుత్తితోనే కొడతాడు. "యంత్రానికి కింద చెక్క ఉందో సందు ఉందో తెలీదు. నా చేతికి తెలుస్తుంది," అంటాడు. మా వైపు గాలి ఎక్కువ కాబట్టి కప్పు మీద పెంకుల్లా వరసగా పరిచే తారు పలకని షింగిల్ అంటారు, ఒక్కో షింగిల్‌కి నాలుగు కాదు, ఆరు మేకులు. ఆ ఆరూ షింగిల్ మీద గీసి ఉన్న గీత మీదే పడాలి. ఒకటి పక్కకి పోతే పీకి మళ్లీ కొడతాడు. అందుకే ఆయన పని నెమ్మది. పక్క ఊరివాళ్లు రెండు రోజుల్లో ముగించే ఇల్లు ఆయనకు ఆరు రోజులు పడుతుంది.

ఇంకో అలవాటు కూడా ఉంది. షింగిల్స్ బండి వచ్చి వాకిట్లో దింపినా సరే, కంపెనీ ఇచ్చిన వారంటీ కాగితం ఇంటివాళ్లకు చదివి వినిపించందే నిచ్చెన వేయడు. భార్యాభర్తలిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చోవాలి. మొదట చదివేది, వారంటీ దేనికి వర్తించదో ఆ భాగం.

మా ఇంటికి పన్నెండేళ్ల కిందట, జూన్ నెలలో వేశాడు. నేను పుల్లటి రూబార్బ్ కాడలు వేసి చేసిన కేకు కోస్తున్నాను. మా ఆయన వెండెల్ ఒక కన్ను కిటికీ మీద పెట్టి కూర్చున్నాడు. బయట ఎండ బాగా కాస్తోంది, ఎండుగడ్డి కోతకు వచ్చింది.

"ఇరవై అయిదేళ్లు అని పైన పెద్ద అక్షరాలతో ఉందా? అది మర్చిపో వెండెల్," అన్నాడు ఆర్విడ్. "కింద చిన్న అక్షరాలు చూడు. అసలు సంగతంతా అక్కడ దాక్కుంది."

"నువ్వు చదివావుగా, చాలదూ?"

"ఇల్లు నాది కాదుగా. విను. మొదటి పదేళ్లలో షింగిల్ తనంతట తను చెడితే పూర్తిగా కొత్తవి ఇస్తారు. ఆ తర్వాత ఏటేటా వాళ్ల వంతు తగ్గుతూ పోతుంది. ఇచ్చేది షింగిల్సే, ఎక్కి వేసినవాడి కూలి నీదే. వడగళ్లు పడితే వాళ్లకు సంబంధం లేదు. పాత కప్పు మీద కొత్తది పరిస్తే లేదు. ఇల్లు అమ్మితే, కొన్నవాడు గడువులోగా ఉత్తరం రాసుకోకపోతే లేదు. అటకలో గాలి ఆడకపోతే లేదు."

"అటకలో గాలేమిటయ్యా?"

"చూరు కింద సందుల్లోంచి గాలి లోపలికి రావాలి, పైన కొప్పు దగ్గర బయటికి పోవాలి. ఆ దారి మూసుకుపోయిందనుకో, ఎండాకాలం అటక పొయ్యి అవుతుంది. షింగిల్ కింద నుంచి ఉడికిపోతుంది. చలికాలం ఇంట్లో ఆవిరి చెక్కకు పట్టి మంచు కడుతుంది. ఆ తర్వాత ఈ కాగితం పొయ్యి రాజేసుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు."

"అలాగే, అలాగే," అన్నాడు వెండెల్. "మార్డెల్, ఆ మూల ముక్క నాకు పెట్టు."

ఇంటి సంగతులన్నీ మా ఆయనే చూసుకునేవాడు. నేను ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి మర్చిపోయాను.

పోయిన ఫిబ్రవరిలో వెండెల్ పోయాడు. ఏప్రిల్‌లో మంచు కరిగాక వాకిట్లో నిలబడి చూస్తే దక్షిణం వైపు కప్పు మీద షింగిల్స్ అంచులు పైకి ముడుచుకుని ఉన్నాయి. కొన్ని బొబ్బలెక్కాయి. చూరు నుంచి నీళ్లు పడే చోట షింగిల్స్ పైనుండే నల్ల రవ్వ దోసిళ్లకొద్దీ పేరుకుని ఉంది.

మా ఇల్లు చర్చికి ఎదురుగానే. ఆదివారం మెట్లు దిగేవాళ్లందరికీ మా దక్షిణం వైపు కప్పే కనిపిస్తుంది. పైగా చర్చి కప్పు కూడా మార్చాలని ఆ ఏడే అనుకున్నారు. పని ఆర్విడ్‌కి ఇవ్వాలా, సిటీ నుంచి వచ్చే కంపెనీకి ఇవ్వాలా అన్నది జూన్‌లో సభ పెట్టి తేల్చాలి. ఆర్విడ్ బాప్తిస్మం తీసుకున్నది ఆ కప్పు కిందే. కానీ దాని మీద ఎప్పుడూ సుత్తి ఎత్తలేదు. పాత కప్పు వేసే నాటికి ఆయన ఇంకా కుర్రాడు. ఈ పని కావాలని ఎవరితోనూ అనలేదు. బోర్గిల్డ్ మాత్రం చెప్పింది: "శనివారం శనివారం టేపు పట్టుకుని చర్చి చుట్టూ తిరిగొస్తున్నాడు. కొలత మారుతుందా ఏమన్నా? పోయిన వారం ఎంతుందో ఈ వారమూ అంతేగా."

నేను కబురు చేస్తే ఆర్విడ్ వచ్చాడు. నిచ్చెన వేసి ఎక్కాడు. ముడుచుకున్న షింగిల్ ఒకటి ఎత్తి చూసి, మళ్లీ జాగ్రత్తగా దించాడు. తర్వాత కొంచెం దిగి, చూరు కింద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంచాడు. కిందికి వచ్చాక నా మొహం చూడలేదు.

"షింగిల్స్ కంపెనీకి రాయకు మార్డెల్. జూన్‌లో నేనే వచ్చి మళ్లీ వేసేస్తా. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

"వారంటీ ఇంకా ఉందిగా? పదమూడేళ్లుంది."

"ఉంది. అయినా వద్దు."

"ఎందుకొద్దు?"

"కాఫీ ఉందా?" అన్నాడు.

ఏమీ ఇవ్వక్కర్లేదన్న మాట నాకు గుచ్చుకుంది. తప్పు చేసినవాడే ఊరికే చేస్తానంటాడు అనుకున్నాను. మేకులు సరిగ్గా కొట్టలేదేమో, అరవై దాటాక చెయ్యి వణికిందేమో అనుకున్నాను. ఆయన్ను అడగలేదు. మా వైపు అలా మొహం మీద అడగరు.

బుధవారం చర్చి కింది గదిలో బొంతలు కుట్టడానికి కూర్చున్నాం. ఎవరో అడిగారు, "మార్డెల్, మీ కప్పు ఏమిటి అలా అయింది?" అని. నేను దారం ఎక్కిస్తూ, "ఏమో మరి. ఆర్విడ్ పని ఈసారి అదో రకంగా ఉంది. తనే ఊరికే మళ్లీ వేస్తానంటున్నాడు," అన్నాను.

అంతే అన్నాను. కానీ ఆ గదిలో సూదులన్నీ ఒక్క క్షణం ఆగాయి. మా ఊళ్లో ఎవరూ ఎవర్నీ పాడు అనరు, చెడ్డ అనరు. వంట నోట పెట్టుకోలేకపోయినా "అదో రకంగా ఉంది" అంటారు. ఆ మాట పడ్డాక ఇక అనడానికేమీ మిగలదు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, నాకు తెలియక కాదు.

ఆదివారానికి అది ఊరంతా తిరిగింది. ఆరాధన అయ్యాక కింది గదిలో కాఫీల దగ్గర చర్చి భవనాల కమిటీ పెద్ద వెర్లిన్ ఓడెగార్డ్ నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"ఆర్విడ్ మంచివాడే," అన్నాడు.

"అవును."

"కాదని ఎవరూ అనట్లేదు. అయితే సిటీ కంపెనీ వాళ్లది కూడా ఒకసారి చూస్తే పోయేదేముంది అని కమిటీలో అనుకుంటున్నారు. వయసు కూడా అయింది కదా."

"మా కప్పు వల్లనా?"

"అబ్బే, అలా అని కాదు," అంటూ కప్పులో కాఫీ తిప్పుకుంటూ ఉండిపోయాడు. పంచదార వేయని కాఫీ అది.

గది అవతల గోడ పక్కన ఆర్విడ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఆయన చుట్టూ నలుగురు ఉంటారు, మా చూరు కారుతోందయ్యా, చిమ్నీ పక్కన తడి పట్టిందయ్యా అంటూ. ఆ రోజు ఎవరూ లేరు. నా మాట అది. నేను అన్న మాట.

ఇంటికి వెళ్లి సొరుగులోంచి వారంటీ కాగితం తీశాను. ఈసారి నేనే చదివాను, చిన్న అక్షరాలతో సహా, వేలు పెట్టుకుంటూ. ఒక్కో వాక్యం మూడేసి సార్లు చదివితేగాని ఎక్కలేదు. లోపం షింగిల్‌దే అని కంపెనీ ఒప్పుకుంటే ఆర్విడ్ మీద మాట పోతుంది. నాకు కావలసింది అదే అయింది అప్పటికి. లోపం కంటపడ్డ ముప్పై రోజుల్లోగా తెలియజేయాలని ఉంది. ఇరవై ఒక్క రోజులు అయిపోయాయి. కప్పు మీంచి పీకిన రెండు షింగిల్స్ పెట్టెలో పెట్టి పంపాలి. ఇంటి ఫోటో, చెడిన చోట ఫోటోలు, అటక లోపల గాలి సందులు కనిపించేలా ఫోటోలు కూడా పంపాలి.

నేను మళ్లీ పిలిస్తే రెండు రోజులకు ఆర్విడ్ వచ్చాడు, ఇష్టం లేకుండానే. రెండు షింగిల్స్ పీకి ఇచ్చాడు.

"అటకలో ఫోటోలు నేను తీసుకొస్తా. నువ్వు కింద ఉండు," అన్నాడు.

"నా అటక. నేనూ వస్తా."

"దుమ్ము ఉంటుంది."

"నలభై ఆరేళ్లుగా ఈ ఇంట్లో దుమ్ము దులిపింది ఎవరనుకున్నావు?"

పక్కకి తప్పుకున్నాడు. ఆయన వెనకాలే మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాను. మధ్యలో నిలబడవచ్చు. అంచులకు పోయేకొద్దీ కప్పు తలకు తగులుతుంది. ఆర్విడ్ టార్చి వేశాడు. చూరు దగ్గర, దూలానికీ దూలానికీ మధ్య వెలుగు సన్నగా కనిపించాలి. ఎక్కడా కనిపించలేదు. ప్రతి సందులోనూ ఏదో కుక్కి ఉంది. గట్టిగా, వరసగా, ఒక్కటీ వదలకుండా.

చెయ్యి పెట్టి లాగాను. బొంత. నేను కుట్టిందే. నీలం, గోధుమ రంగు చదరాలు. చర్చి దూర దేశాలకు పంపేవాటిలో కలపమని, పాత బొంతలు కొన్ని వెండెల్ చేత పంపించాను, ఎప్పుడో. పక్క సందులో ఆయన ఉన్ని కోటు ఉంది. దాని పక్కన ఇంకో బొంత. అటు పక్క కూడా అంతే, ఉత్తరం వైపంతా.

ఆర్విడ్ కప్పు వేసిన మొదటి చలికాలం నాకు న్యుమోనియా వచ్చింది. పై గదిలో పడుకుని, కాళ్లు వెచ్చబడడం లేదని రోజూ అనేదాన్ని. "చలి ఎక్కడ్నుంచి వస్తోందో చూస్తానుండు," అన్నాడు వెండెల్. తర్వాత గది వెచ్చగా అయింది. ఆ సంగతి నేను అంటే నవ్వి ఊరుకున్నాడు. ఏం చేశావని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

బొంత ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆర్విడ్ టార్చి పక్కకి తిప్పాడు.

"నీకు తెలుసు," అన్నాను.

"చూరు కింద చెయ్యి పెడితే గాలి తగల్లేదు. అప్పుడనుకున్నా."

"మరి చెప్పొచ్చుగా?"

"రెండు నెలలైంది మనిషి పోయి. వచ్చి నీ మొగుడు ఇలా చేశాడని చెప్పమంటావా?"

"ఊళ్లో నిన్నంటున్నారు."

"అననీ. వెండెల్‌ని అంటే జవాబు చెప్పుకోడానికి మనిషి లేడు. నేనున్నానుగా."

"ఉండి ఏం చెప్తున్నావు మరి? నోరు మూసుకుని గోడ పక్కన కూర్చుంటున్నావు!"

అంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడి ఎరగను. ఆయన కూడా ఉలిక్కిపడ్డాడు.

"తప్పు నాది కూడా," అన్నాడు. "చదివి వినిపించాను సరే. మరుసటేడు వచ్చి చూడాల్సింది. చదివితే సరిపోతుందనుకున్నా."

ఫోటోలు తీశాం. ఏదీ కదపకుండా, ఉన్నది ఉన్నట్టు. నేను లాగిన బొంత మాత్రం నా ఒళ్లో ఉండిపోయింది. దాన్ని మళ్లీ సందులో కుక్కి, అప్పుడు తీయమన్నాను.

పెట్టె పంపిన మర్నాడు వెర్లిన్ దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు మంచిదానివి మార్డెల్. ఆర్విడ్ మీద జాలితో చెప్తున్నావు."

"జాలి కాదు. అటకలోకి వచ్చి చూడు."

"ఈ సమయంలో ఇవన్నీ నీకెందుకు? ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో."

మొగుడు పోయినదాని మాటకు అందరూ తల ఊపుతారు, ఎవరూ వినరు. కాబట్టి, తప్పు ఆర్విడ్ పనిది కాదని చూపించడానికి కంపెనీ జవాబే దిక్కయింది. వారంటీ ఇచ్చేది లేదని చెప్పే ఉత్తరం కోసం అంత ఆశగా ఎదురు చూసిన మనిషి ఈ దేశంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. రోజూ ఉత్తరాల పెట్టె దగ్గరికి పోస్టు మనిషి రాకముందే వెళ్లి నిలబడేదాన్ని.

అయిదు వారాలకు వచ్చింది, సభకు నాలుగు రోజుల ముందు.

సభ చర్చి కింది గదిలో. సిటీ కంపెనీవాళ్ల ఖర్చు లెక్క, ఆర్విడ్ లెక్క, రెండూ వెర్లిన్ చదివాడు. ఆర్విడ్ చివరి వరసలో, బోర్గిల్డ్ పక్కన ఉన్నాడు. ఎవరైనా మాట్లాడతారా అని వెర్లిన్ అలవాటుగా అడిగి, జవాబు కోసం ఆగకుండానే కాగితాలు సర్దుతున్నాడు. నేను లేచాను. ఇన్నేళ్లలో ఆ గదిలో కాఫీ పోయడానికి తప్ప లేవలేదు.

"మా కప్పు గురించి షింగిల్స్ కంపెనీ రాసిన ఉత్తరం ఇది. చదువుతాను," అన్నాను.

"మార్డెల్, ఇప్పుడది అవసరమా?"

"చిన్నదే."

చదివాను. పంపిన రెండు షింగిల్స్‌లో తయారీ లోపం లేదు. వాటి మీద ఆరేసి మేకుల గుర్తులు ఉన్నాయి, అన్నీ ఉండవలసిన గీత మీదే ఉన్నాయి, బిగించిన తీరులో ఏ లోపమూ కనబడలేదు. అటకలో గాలి దారులు ఇంటివారు మూసివేసినట్టు ఫోటోల్లో కనబడుతోంది. చెడిపోవడానికి కారణం అదే. కనుక వారంటీ వర్తించదు.

"మూసింది వెండెల్," అన్నాను. "నాకు చలేస్తోందని మూశాడు. నా బొంతలతో, తన కోటుతో. ఆర్విడ్ మూయొద్దని మా ఇంట్లో కూర్చుని చదివి చెప్పాడు. మేం కేకు తింటూ విన్నాం. బుధవారం నాడు ఆర్విడ్ పని అదో రకంగా ఉందని నేను అన్నాను. తెలుసుకోకుండా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

కూర్చున్నాను. తర్వాత వెనకనుంచి బోర్గిల్డ్ గొంతు, అందరికీ వినపడేలా: "ఏ కోటు? ఆ గళ్ల కోటేనా? అది కుక్కిన సందులోకి గాలే కాదు, దేవుడు కూడా దూరలేడు."

ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. వెండెల్ ఆ కోటు పదహారేళ్లు వదలకుండా వేసుకున్నాడు. నేను కూడా నవ్వాను, ఫిబ్రవరి తర్వాత మొదటిసారి. నవ్వుతూనే చేతిరుమాలు వెతుక్కున్నాను.

చేతులు ఎత్తారు. ఆర్విడ్‌కి ఇరవై మూడు, సిటీ కంపెనీకి పందొమ్మిది. అంత వాలు మీద ఆ వయసు మనిషి ఎక్కడం మంచిది కాదని కొందరు చివరిదాకా అన్నారు, అది అబద్ధమూ కాదు. ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవాలి, తను తాడు కట్టుకోవాలి అన్న షరతు మీద పని ఆర్విడ్‌కి ఇచ్చారు.

బయట మెట్ల దగ్గర నన్ను ఆపాడు. సంతోషంగా లేడు.

"చచ్చిపోయినవాణ్ణి బజారుకెక్కించావు."

"ముందు బతికున్నవాణ్ణి ఎక్కించానుగా. అది దించాలి కదా."

"నేను అడిగానా?"

"అడగలేదు. నువ్వూ నన్నడిగి నోరు మూసుకున్నావా?"

టోపీ తీసి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "చర్చి కంటే ముందు నీది వేస్తా. మంగళవారం వస్తా. పాతది పీకేటప్పుడు చప్పుడు భరించలేవు, మీ చెల్లెలింటికి వెళ్లు."

"ఉంటాను. కూలి కూడా తీసుకుంటావు."

"తీసుకోక? వారంటీలో కూలి రాదని చెప్పానుగా," అని వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టాడు. నిజంగానే చెప్పలేని చప్పుడు. ఇల్లంతా అదిరింది, అలమరలో పళ్లేలు కదిలాయి. వంటింటి కిటికీ ముందు నుంచి పాత షింగిల్స్ పలకలు పలకలుగా పడుతూనే ఉన్నాయి, ఎండ కాసేపు కనిపించడం, కాసేపు మాయమవడం. నేను ఎక్కడికీ వెళ్లలేదు. సంచి పట్టుకుని అటక ఎక్కి సందుల్లోవన్నీ ఒక్కొక్కటీ లాగాను. లాగిన ప్రతి చోటా నేల మీద సన్నటి వెలుగు పడింది, మొహానికి చల్లగాలి తగిలింది. నా నెత్తి మీదే ఆర్విడ్ నడుస్తున్న చప్పుడు.

మధ్యాహ్నం దిగి వచ్చాడు. గడప దాటకుండా, నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడే రొట్టె తిన్నాడు.

"కింద చెక్క ఎలా ఉంది?" అన్నాను.

"బాగానే ఉంది. ఉత్తరం వైపు రెండు పలకలు మెత్తబడ్డాయి. మారుస్తా." నమిలి మింగాడు. "గట్టిగా కుక్కాడు వెండెల్. పనిమంతుడు."

"పై గది చల్లబడుతుంది ఇక."

"పడుతుంది. అటక నేల మీద వెచ్చదనానికి వేరే దూది పరుస్తారు, చూరు దాకా పోకుండా. చలికాలం లోపు వేయిస్తే సరిపోతుంది," అని గ్లాసు నాకిచ్చి మళ్లీ నిచ్చెన వైపు నడిచాడు.